సొంతూళ్లో ప్రోగ్రాంకు డబ్బు అడగడం తప్పా? ఒక కామెడీ ఆర్టిస్టు మనసులో మాట

నవ్వులబండి | శనివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నాది తాడిపత్రి పక్కన పల్లె. ఇరవై రెండేళ్లుగా సినిమాల్లోనూ టీవీ స్కిట్లలోనూ కామెడీ వేషాలు వేస్తున్నాను. పేరు చెప్పను. చెబితే అసలు విషయం పోయి మాటలన్నీ నా మీదికి మళ్లుతాయి.

వచ్చే వినాయక చవితికి మా వైపు కమిటీ ఒకటి ఫోన్ చేసింది. ఐదో రోజు గంటన్నర స్కిట్లు, తర్వాత జనంతో ఫొటోలు. సంతోషంగా ఒప్పుకున్నాను. నాతో ఇద్దరు ఆర్టిస్టులు, కీబోర్డు వాయించే అబ్బాయి వస్తారు, ప్రయాణంతో కలిపి ఇంత అవుతుందని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఒకతను అన్నాడు: "ఏమన్నా, మన ఊరికి కూడా రేటేనా?"

కోపం రాలేదు. మనసుకు కష్టమనిపించింది. అదే కమిటీ లైటింగుకు, సౌండుకు, పందిరికి అప్పటికే అడ్వాన్సులు ఇచ్చేసింది. జనరేటర్ తెచ్చేవాడూ ఆ ఊరివాడే. అతన్ని ఊరకే తిప్పమని ఎవరూ అడగరు. డీజిల్ ఖర్చవుతుందని అందరికీ తెలుసు. గంటన్నర జనాన్ని నవ్వించాలంటే నాకు పది రోజుల పని. రాసుకోవాలి, కొట్టేయాలి, మళ్లీ రాసుకోవాలి, ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి రిహార్సల్ చెయ్యాలి. ఆ పది రోజుల్లో షూటింగ్ వస్తే వదులుకోవాలి. ఇవేవీ ఊరికి కనపడవు.

మా డబ్బుల సంగతి కూడా చెప్పాలి. నాలాంటివాళ్లకు సినిమాలో రోజు లెక్క. నాలుగు రోజులు అనుకున్న వేషం రెండు రోజులకు తగ్గిపోవచ్చు. కొంత ముందు, మిగతాది డబ్బింగ్ చెప్పాక అంటారు. డబ్బింగ్ అయ్యాక ఫోన్ ఎత్తరు. నాకు ఇలా రావాల్సినవి మూడు సినిమాల డబ్బులు ఉన్నాయి. ఇంకో సంగతి ఏమంటే, పదేళ్ల కింద ఒక్క రోజులో చేసిన సీను ఒకటి ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంది. ఫోన్లలో నా ముఖం స్టిక్కర్ అయి తిరుగుతోంది. దాని వల్ల నన్ను ప్రతి ఊళ్లో గుర్తుపడతారు. ఆ సీనుకు నాకు వచ్చింది ఆ ఒక్క రోజు కూలి.

రెండేళ్ల కింద ఇంటి లోన్ కోసం ఒక బ్యాంకుకు వెళ్లాను. స్టాఫ్ అందరూ వచ్చి ఫొటోలు దిగారు, టీ తెప్పించారు, మేనేజర్ గారు వాళ్ల పాపతో వీడియో కాల్‌లో మాట్లాడించారు. చివరికి లోన్ ఇవ్వలేమన్నారు. జీతం స్లిప్పు లేదు, ఆదాయం నిలకడగా లేదు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడితే మా ఆవిడ అడిగింది, "ఇంతమంది ఎరిగినవాళ్లు ఉండి ఏం లాభం?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అందుకే అడుగుతున్నా. సొంతూరి వాళ్ల దగ్గర డబ్బు అడగడం తప్పా? మనసులో ఉన్నది చెప్పండి.

పెన్నగట్టు | శనివారం, రాత్రి 11:05

అన్నా, నేను ప్రొద్దుటూరు. పదకొండేళ్లుగా మా వీధి చవితి కమిటీలో ఉన్నాను. మీకు ఫోన్ చేసింది మేం కాదు గానీ ఆ మాట అన్నవాణ్ణి నేను అర్థం చేసుకోగలను.

మేం ఇంటింటికీ తిరిగి చందా వేయిస్తాం. బంగారు అంగడి ఆయన పదివేలు రాస్తాడు, మగ్గం నేసే అన్న వంద ఇస్తాడు. ఆ వంద చేతిలోకి తీసుకునేటప్పుడు మాకు భయంగా ఉంటుంది. దీన్ని ఎట్ల ఖర్చు పెడుతున్నామో ఆయనకు లెక్క చెప్పాలి కదా. పెద్ద మొత్తం ఒక గంట ప్రోగ్రాంకు పోయిందంటే అడుగుతారు. "మనోడే కదా" అనే మాటలో మోసం లేదన్నా. మిమ్మల్ని ఇంట్లో మనిషి అనుకున్నారు. ఇంట్లో మనిషి పెళ్లి పందిట్లో వడ్డన చేస్తే కూలి అడగడు కదా, అట్ల.

శనక్కాయల_తోట | శనివారం, రాత్రి 11:30

అన్నా మీరెవరో నాకు దాదాపు తెలిసిపోయింది, కానీ చెప్పను. నేను అనంతపురంలో డిగ్రీ అయిపోయి రీల్స్ చేస్తున్నాను, మన యాసలోనే. ఒక వీడియో బాగా పోయింది. సప్తగిరి సర్కిల్లో నలుగురు ఆపి సెల్ఫీ అడిగినారు. మా నాయన మాత్రం "దాంట్లో ఎంతొచ్చింది?" అని అడుగుతున్నాడు. ఈ ఏడు వాన లేక శనక్కాయ పోయింది, ఆయన అడగడంలో న్యాయం ఉంది. హైదరాబాద్ పోవాల్నా వద్దా అని టెన్షన్‌గా ఉంది. ఈ చర్చ నాకు చాలా అవసరం.

కొండారెడ్డి_బురుజు | ఆదివారం, ఉదయం 6:50

నాది కర్నూలు. రిటైరైన తెలుగు మాస్టర్ని. చిన్నప్పటి నుంచి నాటకాలు చూస్తున్నవాణ్ణి. ఈ ప్రశ్న తాడిపత్రి నుంచి రావడం నన్ను కదిలించింది. ఎందుకో చెబుతాను.

రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారు పుట్టింది తాడిపత్రిలోనే, 1880లో. వృత్తి బళ్లారిలో వకీలు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు, ఆంధ్ర నాటక పితామహుడని పేరున్నాయన, ఆయనా బళ్లారిలో వకీలే. సరస వినోదిని సభ పెట్టి నాటకాలు రాసి ఆడించారు. వీళ్లకు కోర్టు అన్నం పెట్టింది. నాటకం వాళ్ల మనసుకు కావలసింది. డబ్బు కోసం రంగస్థలం ఎక్కాల్సిన అవసరం రాలేదు. మన దత్తమండలాల్లో (బళ్లారి, రాయలసీమ జిల్లాలకు పాత పేరు) చదువుకున్నవాళ్ల నాటకం ఇట్లా మొదలైంది. దాంతో మన మనసుల్లో ఒక అభిప్రాయం గట్టిగా నాటుకుంది: పైసా ముట్టనివాడే నిజమైన కళాకారుడు.

అదే కాలంలో, అదే సీమలో ఇంకో దారి కూడా పుట్టింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించారు. అంతకు ముందు ఆ కుటుంబాలవాళ్లు తోలుబొమ్మలు ఆడించేవాళ్లు. ఇంటిల్లిపాదీ వేషాలు కట్టేవాళ్లు, ఆడవేషాలు ఆడవాళ్లే వేసేవాళ్లు. టికెట్టు పెట్టి ఊరూరా తిరిగారు. వాళ్లకు వేరే వకీలు పని లేదు. టికెట్టు అమ్ముడుపోతేనే ఆ పూట పొయ్యి వెలిగేది. వాళ్ల కళ తక్కువదని ఎవరైనా అనగలరా?

మీరు సురభి దారిలో ఉన్నారు నాయనా. ఊరు మిమ్మల్ని రాఘవ గారి కొలతతో కొలుస్తోంది. ఇబ్బంది అక్కడే ఉంది.

ఎర్రమట్టి | ఆదివారం, ఉదయం 9:15

నేను ఇంకో వైపు మాట చెప్తా. నాకు కష్టంగానే ఉంది గానీ చెప్పాలి.

అన్నా, మీకు పేరొచ్చింది దేని వల్ల? మన మాట వల్ల. "యాడికి పోతాండావ్ రా" అని మా అవ్వ అనే మాటను మీరు తెర మీద అన్నారు, హైదరాబాదులో జనం నవ్వినారు. కాలేజీలో నేను నోరు తెరిస్తే పక్క జిల్లాల పిల్లలు అట్లనే నవ్వేవాళ్లు. మూడేళ్లు నేను క్లాసులో ప్రశ్న అడగలేదు. సినిమాలో సీమ మనిషి అంటే ఒకడు కత్తి పట్టుకుంటాడు, వాని పక్కన ఇంకొకడు యాసతో నవ్విస్తాడు. ఆ రెండోవాడు మీరు. మా యాస మీకు అన్నం పెట్టింది. ఆ ఊరికి ఒక్క రోజు ఊరకే ఆడలేరా?

నవ్వులబండి | ఆదివారం, ఉదయం 11:40

ఎర్రమట్టి తమ్ముడూ, నీ మాట రెండు సార్లు చదివాను. నువ్వు అన్నదాంట్లో నిజం ఉంది.

మొదట్లో నాకు వచ్చిన వేషాలన్నీ అవే. సుమో దిగి నలుగురి వెనకాల నిలబడి ఒక డైలాగు చెప్పాలి. ఒకసారి నేను మా అమ్మ మాట్లాడినట్టు మామూలుగా చెబితే "ఇంకా సాగదీయ్, ఇంకా మోటుగా" అన్నారు. సాగదీశాను. సెట్లో అందరూ నవ్వారు. ఆ రాత్రి ఫోన్లో మా అమ్మ "ఈరోజు ఏం చేసినావు నాయనా?" అని అడిగింది. ఆమె గొంతు వింటుంటే నేను పగలంతా ఎవరిని అనుకరించానో తెలిసింది. ఆ తర్వాత కూడా అలాంటివి చేశాను. అద్దె కట్టాలి కాబట్టి చేశాను. నువ్వు మూడేళ్లు క్లాసులో నోరు విప్పలేదన్నావే, దాంట్లో నా పాలు కూడా ఉంటే నన్ను క్షమించు.

కానీ ఊరకే ఆడితే ఆ బాకీ తీరుతుందా అంటే నాకు అట్లా అనిపించడం లేదు. ఆ బాకీ తీరాలంటే ఆ మాటను సరిగ్గా మాట్లాడాలి.

కొండారెడ్డి_బురుజు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

యాస ప్రస్తావన వచ్చింది కాబట్టి జయప్రకాశ్ రెడ్డి గారిని తలుచుకోవాలి. మా జిల్లా శిరివెళ్లలో 1946లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఆయన ముందు ఉపాధ్యాయుడు. 1997లో వచ్చిన ప్రేమించుకుందాం రా తర్వాత సీమ మాట అంటే ఆయన గొంతే అన్నట్టు అయింది. ముందు ప్రతినాయకుడిగా భయపెట్టారు, తర్వాత అదే గొంతుతో నవ్వించారు. ఆయన నోట్లో యాస వెక్కిరింపుగా వినపడలేదు. ఆ మనిషి నిజంగా అట్లాగే మాట్లాడతాడు అనిపించేది. సినిమాల్లో అంత పేరు వచ్చాక కూడా అలెగ్జాండర్ అనే నాటకాన్ని ఒక్కరే రంగస్థలం మీద ఆడుతూ వచ్చారు. 2020 సెప్టెంబరులో గుంటూరులో పోయారు. ఆ రోజు మా వీధిలో జనం ఆయన డైలాగులు చెప్పుకుంటూ కూర్చున్నారు.

ఎర్రమట్టి బాబూ, నీ కోపం న్యాయమైనదే. కాకపోతే అది కథ రాసినవాళ్ల మీద, ఆ కథను అట్లా అమ్మినవాళ్ల మీద ముందు పోవాలి. రోజు కూలికి వచ్చిన నటుడి దగ్గరే ఆగిపోకూడదు.

నిమ్మలకుంట_దారి | ఆదివారం, మధ్యాహ్నం 2:10

నాది ధర్మవరం దగ్గర. నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. రామాయణం ఎంత గంభీరంగా నడుస్తున్నా మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. వాళ్లు వచ్చినప్పుడే నిద్రపోయే పిల్లలు లేచి కూర్చునేది. తెల్లవార్లూ ఆట నిలబడేది వాళ్ల వల్లే.

ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేమంతా గర్వపడ్డాం. కానీ ఇప్పుడు అక్కడి కుటుంబాలకు తిండి పెడుతోంది ఎక్కువగా తోలుతో చేసే దీపాల గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు. రాత్రంతా ఆట ఆడించమని పిలిచేవాళ్లు తగ్గిపోయినారు. పిలిచినా "గుడి దగ్గర, దేవుని పని" అంటారు. తోలు మీద బొమ్మ కోస్తే దానికి ధర ఉంది, కొనుక్కుపోతారు. అదే బొమ్మను పట్టుకుని గొంతు పోయేదాకా పాడితే దాన్ని పని అనుకోరు. అన్నా, మీరు డబ్బు అడగండి. మీరు అడిగితే రేపు వాళ్లు కూడా అడగగలుగుతారు.

పెన్నగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 3:00

ఈ మాట నన్ను ఆలోచనలో పడేసింది. మా కమిటీ కూడా రెండేళ్ల కింద హరికథకు "దేవుని పని" అనే చెప్పింది. ఆయనకు శాలువా కప్పి బస్సు చార్జీ ఇచ్చినాం.

రంగులపెట్టె | ఆదివారం, రాత్రి 8:45

నేను కడప జిల్లా. పద్యనాటకాల్లో ఆడవేషాలు వేస్తాను, పద్దెనిమిది ఏళ్లు అయింది. ఈ సంగతి మీద నాకు చాలా చెప్పాలని ఉంది.

నాటకం రాత్రి పదికి మొదలైతే తెల్లవారి నాలుగు అవుతుంది. మొదట్లో నేను నాటకం అయ్యాక డబ్బులు తీసుకునేదాన్ని. ఒకసారి తిరునాళ్లలో ఆడినాం. తెల్లారి చూస్తే ఒప్పుకున్న మనిషి లేడు. రంగు కడుక్కోవడానికి నీళ్లు కూడా లేవు. ముఖానికి రంగుతోనే బస్టాండులో కూర్చున్నాను. బస్సు కండక్టరు, ఆ దేవుడు చల్లగా చూడాలి ఆయన్ని, టికెట్ తీసుకోకుండా ఎక్కించుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు ఒక పద్ధతి ఉంది. సగం డబ్బు నేను రంగు పూసుకోకముందే రావాలి. మిగతా సగం రెండో అంకం లోపల. ఇది నా పుట్టింటి ఊరికీ వర్తిస్తుంది.

పుట్టింటి ఊళ్లో మొదటిసారి అడిగినప్పుడు మా పెదనాయన ముఖం తిప్పుకున్నాడు. నేను డబ్బు మొత్తం తీసుకున్నాను. తర్వాత చదివింపులు మైకులో చదువుతున్నప్పుడు నేనే పోయి ఐదు వందలు అమ్మవారికి రాయించినాను. నా పేరు, మా నాయన పేరు మైకులో చదివినారు. మా పెదనాయన అప్పుడు నా వైపు చూసినాడు. ఊరికి ఇవ్వాలనుకుంటే తప్పకుండా ఇవ్వండి అన్నా. ముందు మీ కూలి మీ చేతికి రావాలి, తర్వాత మీ చేత్తో ఇవ్వాలి. కూలే అడగకుండా వదిలేస్తే మీరు ఇచ్చినారని కూడా ఎవరికీ తెలియదు, మీ వెనక వచ్చిన ఆ ముగ్గురికి మాత్రం ఎగ్గొట్టినట్టు అవుతుంది.

పెన్నగట్టు అన్నకు ఒక మాట. ఇంట్లో మనిషి పెళ్లిలో వడ్డన చేస్తే కూలి అడగడు, నిజమే. వంటమనిషి మన చుట్టమే అయినా వంట డబ్బులు ఇస్తాం కదా. మేం వంట చేసేవాళ్లం.

లెక్కలసారు | సోమవారం, ఉదయం 7:30

కడపలో చిన్న ఆఫీసు పెట్టుకుని పన్నుల లెక్కలు చూస్తాను. బ్యాంకు సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. అన్నా, ఆ లోన్ సమస్యకు దారి ఉంది.

మీకు ఇచ్చే పారితోషికంలో నిర్మాణ సంస్థ సాధారణంగా పది శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టుకుని ఇస్తుంది. అది మీ పాన్ మీద జమ అయిందా లేదా ఆదాయపు పన్ను పోర్టల్లో చూసుకోండి. మీ మొత్తం పన్ను అంతకన్నా తక్కువైతే రిటర్న్ వేసినప్పుడు తేడా వాపసు వస్తుంది. చాలామంది చిన్న ఆర్టిస్టులు రిటర్న్ వెయ్యక ఆ డబ్బు వదిలేసుకుంటున్నారు. సినిమా కళాకారులకు లెక్కలు తేలిక చేసే పద్ధతి కూడా ఉంది. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే అందులో సగాన్ని ఆదాయంగా చూపించవచ్చు, పెద్ద లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. రాబడి 20 లక్షలు దాటితే మాత్రం జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి.

జీతం స్లిప్పు లేనివాళ్లకు బ్యాంకు చూసేది వరసగా వేసిన రిటర్న్‌లనే. కాబట్టి చవితి ప్రోగ్రాం డబ్బు కూడా నేరుగా ఖాతాలోకి వేయించుకోండి, చిన్న రసీదు ఇవ్వండి. కమిటీకి కూడా ఆ రసీదు పనికొస్తుంది. మగ్గం నేసే అన్నకు చూపించవచ్చు.

ఇంకొకటి. పాత సీను మళ్లీ మళ్లీ వేస్తున్నారని రాశారు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు ప్రదర్శకుల హక్కులను ఇంకా గట్టి చేశారు. ఇకమీదట సంతకం పెట్టేముందు అగ్రిమెంటు ఎవరైనా వకీలు చేత చదివించండి. ఒక పేజీ కాగితం కూడా లేకుండా ఫోన్ మాట మీద వేషం ఒప్పుకోవద్దు.

శనక్కాయల_తోట | సోమవారం, ఉదయం 8:10

సార్, నా రీల్స్‌కు అనంతపురం బట్టల షాపు వాళ్లు వీడియో చేయించుకుని రెండు చొక్కాలు ఇచ్చినారు. అది కూడా రాబడేనా? నాకు ఇప్పుడే భయం పట్టుకుంది.

లెక్కలసారు | సోమవారం, ఉదయం 8:25

భయపడొద్దు తమ్ముడూ. రెండు చొక్కాల గురించి నిన్ను ఎవరూ పిలవరు. కానీ వచ్చే నెల నుంచి చొక్కాలు వద్దు, డబ్బు అడుగు. ఇప్పటి నుంచే ఒక నోటు పుస్తకంలో రాసుకో.

కొండారెడ్డి_బురుజు | సోమవారం, ఉదయం 10:00

హైదరాబాద్ పోవాల్నా అని అడిగిన అబ్బాయి కోసం ఇంకొక్క మాట. పద్మనాభం గారిది కడప జిల్లా సింహాద్రిపురం. 1931లో పుట్టారు. హాస్యనటుడిగా పేరు వచ్చాక రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ పెట్టి దేవత, పొట్టి ప్లీడరు, శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న తీశారు. 1967లో వచ్చిన ఆ మర్యాద రామన్నతోనే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు సినిమా గాయకుడయ్యారు. తర్వాత దర్శకత్వం వహించిన కథానాయిక మొల్లకు బంగారు నంది వచ్చింది. నవ్వించి సంపాదించింది మళ్లీ సినిమాలోనే పెట్టారు. ఆ తర్వాత నిర్మాణంలో బాగా నష్టపోయారు, కష్టమైన రోజులు చూశారు.

ఆయన చేసింది తప్పని నేను అనను. ఒక బాలసుబ్రహ్మణ్యాన్ని మనకు ఇచ్చిన డబ్బు అది. కానీ నువ్వు చిన్న వయసులో, వాన లేక పంట పోయిన ఇంటి నుంచి పోతున్నావు. ఆరు నెలల అద్దె చేతిలో పెట్టుకుని పో. అది లేకపోతే వచ్చిన ప్రతి వేషానికీ తల ఊపాల్సి వస్తుంది. నవ్వులబండి గారు సాగదీసి మాట్లాడాల్సి వచ్చింది కూడా అద్దె కోసమే కదా.

ఎర్రమట్టి | సోమవారం, మధ్యాహ్నం 1:15

రంగులపెట్టె అక్క రాసింది చదివి నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఊరకే ఆడాలి అన్నది వెనక్కి తీసుకుంటున్నా. యాస గురించి అన్నది మాత్రం అట్లనే ఉండనీ అన్నా. మీరు క్షమించమని అడగాల్సిన పని లేదు. ఒక్కసారి మా అవ్వ నవ్వేటట్టు మా మాటలో ఆడండి, నేను ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకొస్తా.

నవ్వులబండి | మంగళవారం, రాత్రి 9:50

అందరికీ చేతులెత్తి నమస్కారం.

ఈరోజు ఆ కమిటీ అబ్బాయికి నేనే ఫోన్ చేశాను. నా డబ్బు ఎంత, ఆ ఇద్దరిది ఎంత, కీబోర్డుది ఎంత, బస్సు ఎంత, విడివిడిగా చెప్పాను. సగం ముందు ఖాతాలో వెయ్యాలన్నాను. రసీదు ఇస్తానన్నాను. అతను అంతా విని, "ఇట్లా చెబితే మాకు అర్థమవుతుందన్నా, మొన్న ఒక్కటే అంకె చెప్పినారు, భయపడినాం" అన్నాడు. ఆ రోజు నేనూ ఒక ముక్క తక్కువ చెప్పానని అప్పుడు తెలిసింది. డీజే ఒక పూట తగ్గించుకుని నన్ను పిలుస్తున్నారు.

స్కిట్ కొత్తది రాస్తున్నాను. కత్తులు లేవు, సుమోలు లేవు. శనక్కాయలు అమ్ముకుని వచ్చిన రైతు, ఆయన చెల్లెలు, ఒక బ్యాంకు. చెల్లెలు గట్టిగా మాట్లాడే మనిషి, పద్యం కూడా ఎత్తుకుంటుంది. ఆ వేషానికి హైదరాబాద్ నుంచి తెచ్చుకునేవాళ్లు నాకు సరిపోరు. రంగులపెట్టె అక్కా, మీరు వేస్తారా? డబ్బు గురించి కమిటీతో ముందే మాట్లాడి ఉంచాను.

రంగులపెట్టె | మంగళవారం, రాత్రి 10:30

వేస్తాను అన్నా. ఐదో రోజు నాకు వేరే నాటకం లేదు. నా రేటు, ఖాతా నంబరు మీకు విడిగా మెసేజ్‌లో పంపినాను. పద్యం ఏ రాగంలో కావాలో రేపు చెప్పండి. సగం మాత్రం రంగు పూసుకోకముందే.